పాదు నుండి బలిపీఠము వరకు

మట్టల ఆదివారము దగ్గరపడుతున్నదంటే మన సంఘములలో స్త్రీల సమాజము వారికి చేతినిండా పని. గుడి కడగాలి, తెరలు ఉతకాలి, బలిపీఠము అలంకరించాలి. మొదటి రెండింటికి రెక్కల కష్టము చాలును. మూడవదానికి డబ్బు కావాలి. పెండ్లి ముహూర్తములు, పండుగలు కలిసివచ్చే ఆ దినములలో పూల ధర మన చేతికి అందదు. కొన్న పూలు కూడా ఎండకు శనివారము సాయంత్రమునకే తల వాల్చుతాయి. అయినా పండుగ పండుగే గదా అని చందాలు వేసి కొంటాము.

కొనకుండానే, మన పెరటిలోను పొలములోను ఉన్న ఆకులు, కాయలు, పూలతో, అంతా ఆకుపచ్చగా బలిపీఠమును అలంకరించే విధానము ఒకటి ఉన్నది. మా సంఘములో కొన్ని సంవత్సరములుగా అలాగే చేస్తున్నాము. అది ఎందుకు మొదలైనదో, ఎలా చేయాలో పాఠకులకు చెప్పదలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పూల పట్టీ

మా సంఘము గోదావరి డెల్టాలోని ఒక పల్లె. సంఘస్థులలో ఎక్కువమంది కూలిపని చేసుకొనేవారు. కొందరు లంకభూములు కౌలుకు తీసుకొని బీర, పొట్ల, దొండ, ఆనప పందిళ్లు వేస్తారు. మేము ఈ సంఘమునకు రాకముందు నుండే ఇక్కడ ఒక ఆచారము ఉండేది. ఈస్టరు పూలకు చందా ఇచ్చినవారి పేర్లను పండుగనాడు ఆరాధనలో పట్టీ తీసి చదివేవారు. పూలు కడియపులంక మార్కెట్టు నుండి వచ్చేవి.

2022లో శ్రమకాలపు ధ్యానములు జరుగుతుండగా ఒక సాయంత్రము కౌలు రైతు భార్య ఒకామె మా ఇంటికి వచ్చి మా అమ్మగారితో మెల్లగా ఇలా అన్నది: "పూల పట్టీలో మా పేరు లేదండి అమ్మగారూ. మామూలు ఆదివారాలు వస్తాం గానీ, పండగ పూట ముందుకొచ్చి కూర్చోడానికి మొహం చెల్లదండి."

"మీ పందిట్లో ఇప్పుడేం కాస్తున్నాయమ్మా?" అని అమ్మగారు అడిగారు.

"ఏముంటాయండి, బీరకాయలూ ఆనపకాయలూనూ. అవేమన్నా పూలాండి?"

ఆ రాత్రి మా ఇంట్లో ఇదే మాట. ప్రభువు తిరిగి లేచిన దినమున ఆయన మందిరమునకు రావడానికి ఒక కుటుంబము సిగ్గుపడుతున్నది. వారు తప్పు చేసినందుకు కాదు, పూలకు డబ్బు లేనందుకు. ఆ పట్టీలో లేని ఇండ్లు ఇంకెన్ని ఉన్నవో లెక్క చూస్తే సగము సంఘము తేలింది. ఆ వారమే స్త్రీల సమాజమును, సంఘ పెద్దలను కూర్చోబెట్టి సంగతి ముందు పెట్టాము.

పెద్దల ప్రశ్న

సంఘ పెద్దలలో ఒకరు, మాకంటె వయసులో చాలా పెద్దవారు, నిదానముగా లేచి ఇలా అడిగారు: "అయ్యగారూ, కోతపండుగకు కూరగాయలు తెస్తాం, వేలం వేస్తాం, ఆ డబ్బు గుడికి జమ చేస్తాం. అది వేరు. ఈస్టరుకు తెలుపు కదండీ. త్రిత్వ పండుగ తరవాత వచ్చే ఆదివారాల పచ్చరంగు ఇప్పుడెలా తెస్తాం? బీరకాయలు బలిపీఠం మీద పెడితే చూసేవాళ్లు నవ్వరండీ?"

ఆ ప్రశ్న సబబైనది. సంఘపు కాలములకు రంగులున్నవి. శ్రమకాలమునకు ఊదా, పునరుత్థాన పండుగకు తెలుపు. బలిపీఠపు వస్త్రము తెల్లదే ఉంటుందని, అందులో మార్పు లేదని మేము చెప్పాము. ఆ తెల్లని వస్త్రము చుట్టూ ఏ ఆకు, ఏ కాయ ఉండాలన్నదే మన యెదుట ఉన్న ప్రశ్న. దానికి జవాబు కొరకు అందరమూ బైబిలు తెరిచాము.

పస్కా పండుగ జరిగే నెలకు నిర్గమకాండములో ఉన్న పేరు ఆబీబు. ఆ హెబ్రీ మాటకు పచ్చి యవల వెన్నులు అని అర్థము. అంటే ఆ నెల పేరులోనే పచ్చదనము ఉన్నది. ప్రభువు అయిదు వేలమందికి ఆహారము పెట్టినప్పుడు వారిని పచ్చికమీద కూర్చోబెట్టాడని మార్కు వ్రాశాడు. అది పస్కాకు ముందరి దినములని యోహాను చెప్పాడు. ఆ దేశములో వానలు చలికాలమున కురుస్తాయి. పస్కా దినములకు కొండలు పచ్చగా ఉంటాయి. వేసవి ముదిరితే ఆ గడ్డి ఎండిపోతుంది. జనులు పట్టుకొని వెళ్లినవి ఖర్జూరపు మట్టలని చెప్పినది కూడా యోహానే. మనకు ఖర్జూరము లేదు గనుక కొబ్బరి మట్ట, ఈత మట్ట పట్టుకొంటాము. ఎవరికి ఏ చెట్టు దగ్గరగా ఉంటే దాని కొమ్మ.

మరి కూరగాయల సంగతి? మొదటి రాజుల గ్రంథము ఆరవ అధ్యాయములో సొలొమోను కట్టించిన మందిరపు లోపలి గోడల వర్ణన ఉన్నది. దేవదారు పలకలమీద వికసించిన పువ్వులతోపాటు గుండ్రని కాయలను చెక్కారు. అక్కడ వాడిన హెబ్రీ మాట పాదుకు కాసే అడవి దోస జాతి కాయను సూచిస్తుందని చాలామంది పండితుల అభిప్రాయము. అదే అధ్యాయములో ఖర్జూరపు చెట్లను కూడా చెక్కినట్లు ఉన్నది. మట్ట, పువ్వు, పాదుకాయ మూడూ దేవుని మందిరపు గోడలమీద ఉన్నాయన్నమాట. మేము ఈ మాట చెప్పినప్పుడు ఆ పెద్దాయన కళ్లజోడు పెట్టుకొని ఆ వచనమును తానే ఒకసారి చదువుకొని, "అయితే కానివ్వండి. కాని తెలుపు కొంచెమైనా ఉండాలండి" అన్నారు.

అందుకు ఒక మామ్మగారు నవ్వి, "మా ఆనపపాదు పువ్వు తెలుపు కాదేంటి బాబూ?" అన్నది.

నిజమే. ఆనపకాయ, కొన్నిచోట్ల సొరకాయ అంటారు, దాని పువ్వు మల్లె అంత తెలుపు. అది సాయంత్రము చీకటి పడబోయే వేళ విచ్చుకొని రాత్రంతా తెరిచి ఉండి, ఎండ ఎక్కేసరికి వాడిపోతుంది. ఈస్టరు ఆరాధన మనము తెల్లవారకముందే మొదలుపెడతాము. ఆ వేళకు పూర్తిగా విచ్చుకొని ఉండే తెల్లపువ్వు మన పందిట్లోనే ఉన్నదని అంతవరకు ఎవరికీ తట్టలేదు.

పచ్చలో ఎన్ని పచ్చలు

కూరగాయలను పూలతో కలిపి అమర్చడము మన పల్లెలో పుట్టిన వింత కాదు. ఇంగ్లండులో కాన్‌స్టెన్స్ స్ప్రై అనే ఆమె (1886–1960) ఈ పనికి పేరు పొందినది. ఆమె 1921లో లండను తూర్పు భాగమున ఫ్యాక్టరీలలో పనిచేసే బాలికల బడికి ప్రధానోపాధ్యాయినిగా చేరినది. తరువాత 1929లో పూల అంగడి తెరిచినది. క్యాబేజి జాతి ఆకులను, కంచెలమీది తీగెలను కూడా గొప్పవారి ఇండ్లలో అలంకారమునకు వాడినది. పూలకుండీ లేకపోతే వంటింటి గిన్నెలో అమర్చేది. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకపు పూల ఏర్పాట్లలో ఆమెకు ముఖ్య బాధ్యత అప్పగించారు.

అంతా ఆకుపచ్చ అంటే ఒకే రంగు గదా, చప్పగా ఉండదా అని అడుగుతారు. పందిరి క్రింద నిలబడి పైకి చూడండి. ఆనపకాయ పాలిపోయిన లేత పచ్చ. కాకర ముదురు పచ్చ. పొట్లకాయ పచ్చమీద తెల్ల చారలు. క్యాబేజి పై ఆకు బూడిద కలిసిన పచ్చ. మామిడి ముదురాకు నల్లపచ్చ. బీరకాయకు గట్లు, కాకరకు బొడిపెలు, అరటి ఆకుకు మెరుపు. రంగు ఒకటే అయినప్పుడు కంటికి ఈ తేడాలే కనబడతాయి.

అమరికలో మూడు రకములు కావాలి. మొదటిది నిలువుగా లేచేవి: కొబ్బరి మట్ట ఈనెలు, మునక్కాడలు, పొట్లకాయలు. పొట్లకాయ వంకర తిరగకుండా రైతులు కొనకు చిన్న రాయి కట్టి పెంచుతారు గదా, అటువంటివి నిటారుగా నిలుస్తాయి. రెండవది నిండుగా కూర్చునేవి: ఆనపకాయ, క్యాబేజి, అరటికాయల అత్తము, గుత్తి మామిడికాయలు. మూడవది జారేవి, సందులు నింపేవి: దొండ తీగె, గోరుచిక్కుడు గుత్తులు, కరివేపాకు, కొత్తిమీర, పుదీనా. ముందు నిలువువి, తరువాత నిండువి, ఆఖరున జారేవి అమర్చండి. బరువైన కాయ ఎప్పుడూ క్రిందనే ఉండాలి.

పువ్వులు కూడా ఆకుపచ్చగా ఉన్నవి లేకపోలేదు. ఆకుసంపెంగ పువ్వు విచ్చుకొన్న క్రొత్తలో ఆకులోనే కలిసిపోతుంది, సువాసననుబట్టి వెదకాలి. సీతాఫలపు పువ్వు పచ్చనిదే. వేపపూత దూరమునకు లేతపచ్చగా కనబడుతుంది. లిల్లీ మొగ్గలు విచ్చకముందు పచ్చగానే ఉంటాయి. మరువము, దవనము పూలు కావు గాని మాలకు ప్రాణము పోస్తాయి. వీటిలో ఏ రెండు దొరికినా చాలును. ఆనప పువ్వులు కోసేటప్పుడు మాత్రము ఒక జాగ్రత్త. పువ్వు క్రింద చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు, దానిని ముట్టరాదు. పొడవాటి కాడమీద ఉత్తగా నిలిచేది మగపువ్వు, దానినే కోయాలి. అవి కూడా అన్నీ కోయకుండా పాదుకు కొన్ని విడిచిపెట్టాలి. లేకపోతే పిందె కట్టదు.

నిలబెట్టే విధానము

పట్టణములో పూలు గుచ్చడానికి పచ్చని స్పాంజివంటి ఇటుకలు అమ్ముతారు. అది ప్లాస్టిక్కు. పొడి పొడిగా రాలి నీటిలోను మట్టిలోను మిగిలిపోతుంది, కుళ్లదు. ఇంగ్లండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుండి తన పూల ప్రదర్శనలలో దానిని వాడనివ్వడము లేదు. మనకు దాని అవసరమే లేదు. గెల కొట్టిన అరటి చెట్టు బోదెను జానెడు ముక్కలుగా కోసి పళ్లెములో నిలబెట్టండి. దానిలో నీరు ఉంటుంది, ఏ కాడ గుచ్చినా నిలుస్తుంది. పండుగ అయిన తరువాత పశువులకు వేయవచ్చును. కాయలను తీగెతో గాని మేకుతో గాని గుచ్చకూడదు. తొడిమ దగ్గర అరటి నారతో కొబ్బరి ఈనె కట్టి ఆ ఈనెను బోదెలో గుచ్చండి. అప్పుడు కాయకు గాయము కాదు, వంటకు పనికివస్తుంది.

ఆకులు, కొమ్మలు శనివారము తెల్లవారుజామున గాని సాయంత్రము చల్లబడిన తరువాత గాని కోయాలి. ఎండలో కోసినవి నిలవవు. కాడను పదునైన చాకుతో ఏటవాలుగా కోసి, క్రింది ఆకులు తీసివేసి, లోతైన బిందెలో నీరు పోసి కొన్ని గంటలు నీడలో ఉంచండి. కొత్తిమీర, పుదీనా వేళ్లతోనే తెచ్చి గ్లాసు నీటిలో నిలిపి అలాగే అమర్చండి. మునక్కాడలు, అరటికాయలు, మామిడికాయలు నీరు లేకపోయినా నిలుస్తాయి. కాకరకాయ ఆ వేడికి త్వరగా పండి పసుపుబారుతుంది గనుక దానిని ఆఖరి రాత్రే తేవాలి. పండిన అరటిపండ్లు, మామిడిపండ్లు పూల దగ్గర పెట్టవద్దు. పండే కాయ నుండి వెలువడే ఇథిలీన్ అనే వాయువు పూలను త్వరగా వాడ్చుతుంది. అంతా పచ్చివే కావాలనడములో ఇదీ ఒక లాభము.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. ఈ కాయలు తరువాత తినవలసినవి. కాబట్టి గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త కొమ్మలను వీటితో కలపనే కూడదు. అవి విషపు మొక్కలు. మార్కెట్టు పూలకు మందు కొట్టి ఉంటారు గనుక వాటినీ కలపవద్దు. మన పాదులకు కూడా మందు కొట్టి ఉంటే, డబ్బామీద వ్రాసిన గడువు దినములు దాటిన తరువాతనే కోయాలి. ఆనపకాయ తరిగేటప్పుడు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయను పారవేయండి, వండినా దాని విషము పోదు. ఎలీషా దినములలో తెలియక అడవి పాదుకాయలను కుండలో తరిగినవారు ఏమని కేక వేశారో రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములో చదువుకొనవచ్చును.

ఆరాధన తరువాత

ఆ సంవత్సరము రెండు నిర్ణయములు చేశాము. ఒకటి, ఎవరు ఏమి తెచ్చారో వ్రాయము, చదవము. శనివారము సాయంత్రము గుడి వరండాలో చాపలు పరచి పెడతాము. ఎవరికి వీలైనది వారు తెచ్చి అక్కడ పెట్టి వెళతారు. గుప్పెడు కరివేపాకు అయినా సరే. రెండు, ఈ కాయలను వేలము వేయము. కోతపండుగకు వేలము మన ఆచారము, అది మంచిదే. కాని వేలములో డబ్బున్నవాడి మాటే పైకి వినబడుతుంది. ఈస్టరు కాయలు అందరివి.

ఆరాధన ముగిసిన వెంటనే స్త్రీలు కాయలను దించి, కడిగి, గుడి వెనుక పొయ్యిమీద దప్పళము పెడతారు. ఆనపకాయ, మునక్కాడ, బెండకాయ, అరటికాయ, చింతపండు పులుసు, కాస్త బెల్లము. బియ్యము సంఘపు ఖాతాలోనిది. మిగిలిన కూరలను మంచము పట్టినవారి ఇండ్లకు యౌవనస్థులు పంచి వస్తారు. సోమవారమునాటికి బలిపీఠము దగ్గర వాడిన పూలగుట్ట ఉండదు. ఆకులు మాత్రము ఎరువుగుంటకు చేరతాయి.

అందరికీ ఇది నచ్చినదని చెప్పలేము. గులాబీలు, చామంతులు లేని ఈస్టరు ఏమి ఈస్టరని పట్టణములో ఉద్యోగము చేస్తూ పండుగకు వచ్చే మా పిల్లలు కొందరు అంటారు. వారు ప్రేమతో తెచ్చిన పూలను మేము కాదనలేదు. వాటిని గుమ్మము దగ్గర, తినే కాయలకు దూరముగా పెడతాము. పూల చందాకు పేరు పడిన ఒకటి రెండు కుటుంబములు మొదట్లో చిన్నబుచ్చుకొన్నవి. వారి ఇండ్లకు మేమే వెళ్లి కూర్చుని మాట్లాడాము. ఇప్పుడు వారు దప్పళమునకు నూనె, పప్పు తెస్తున్నారు. ఆ సంగతీ ఎవరూ పైకి చదవరు.

కౌలు రైతు కుటుంబము మాట. ఆ ఈస్టరు తెల్లవారుజామున వారు నలుగురూ వచ్చారు. ఆమె చేతిలో తడిగుడ్డ కప్పిన చేట, చేటలో ఆనప పువ్వులు. దీపములు వెలిగించకముందే వాటిని తెల్లని వస్త్రము అంచున వరుసగా పెట్టి వెళ్లి పిల్లలతో రెండవ వరుసలో కూర్చున్నది. సంఘ పెద్ద ఆ పువ్వుల వైపు చూసి మాతో ఏమీ అనలేదు గాని, ఆ యేడు నుండి తన పెరటిలోనూ ఒక ఆనపపాదు పెట్టించారు.

మన తెలుగులో పచ్చి అన్నా పచ్చ అన్నా ఒక్క వేరు నుండి వచ్చిన మాటలే. ఇల్లు పచ్చగా ఉండాలని పెద్దలు దీవిస్తారు. ఆ దీవెన కొనే పూలను గురించి కాదు, పెరిగే కాపును గురించి.

మీ సంఘములో కూడా ఇలా చేయదలిస్తే ఇప్పుడే ఆలోచించండి. ఈస్టరు మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 లోపల వస్తుంది. ఆనప విత్తు పెట్టిన రెండు నెలలకు పాదు పూతకు వస్తుంది గనుక జనవరి నెలలో, పండుగలు ముగిసి చేతులు ఖాళీగా ఉన్నప్పుడు, గుడి ప్రహరీ ప్రక్కన నాలుగు విత్తులు పెట్టండి. సండేస్కూలు పిల్లలకు నీళ్లు పోసే వంతులు వేయండి. మొదటి మగపువ్వు ఏ సాయంత్రము విచ్చుకొంటుందో వారినే కనిపెట్టమనండి. పందిరికి నాలుగు వెదురు గెడలు కావాలి. అవి మీ సంఘములో ఎవరి ఇంటి వెనుకనో ఉండే ఉంటాయి, అడగండి.